నాలుగు చుట్లకూ ఊపిరి దాచుకోవాలి
కానిస్టేబుల్ పరుగుకు తయారయ్యే పల్లె యువతకు కొన్ని సూచనలు

కోడి కూసే వేళకే పల్లెల్లో హైస్కూలు మైదానాల్లో, చెరువు కట్టలమీద, తారు రోడ్ల పక్కన యువకులు పరుగులు తీస్తుంటారు. వీరిలో చాలామంది పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తయారవుతున్నవారు. ఇంటిల్లిపాది ఆశలూ ఆ పరుగుమీదే ఉంటాయి. బలం చాలక తప్పేవారు కొందరైతే, ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోలేక తప్పేవారు మరికొందరు.

లెక్క చిన్నదే

2022లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ప్రకటన ప్రకారం 1600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌లలో ఒకటి నెగ్గినా చాలు గాని, ఈ పరుగు మాత్రం తప్పనిసరి.

400 మీటర్ల ట్రాక్‌పై ఇది నాలుగు చుట్లు. పురుషులకు చుట్టుకు రెండు నిమిషాలు పడుతుంది. చుట్టుకు 1 నిమిషం 55 సెకన్ల చొప్పున సమంగా పోతే 7 నిమిషాల 40 సెకన్లకు గీత దాటవచ్చు. ఇంకా 20 సెకన్లు చేతిలో ఉంటాయి.

అయితే ఈల మోగగానే పక్కవాణ్ణి చూసి పోటీపడి, మొదటి చుట్టును నిమిషంన్నరలో ముగించేవారున్నారు. అంత వేగంలో కండరాలకు చాలినంత ప్రాణవాయువు అందదు. రెండో చుట్టుకు రొప్పు వస్తుంది. మూడో చుట్టుకు కాళ్ళు బరువెక్కుతాయి. అరక దున్నే రైతుకు ఇది తెలిసిన సంగతే. మొదటి సాళ్ళలోనే ఎడ్లను అదిలించి తరిమితే పొద్దెక్కేసరికి అవి కాడి కింద కూలబడతాయి.

సాధనలోనూ అంతే. రోజూ గడియారంతో పందెం వేయరాదు. వారానికి రెండు రోజులు గట్టిగా పరుగెత్తి, మిగతా రోజుల్లో తోటివానితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పోవాలి. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలి. కండరం కోలుకుని గట్టిపడేది విశ్రాంతిలో, నిద్రలోనే.

ఒళ్ళు సహకరించని రోజు

ఎంత సాధన చేసినవారికైనా ఒక్కోరోజు అడుగు పడదు. ముందురోజు చేలో పని, నిద్ర చాలకపోవడం, ఉక్కపోత, ఇంట్లో చికాకులు ఇందుకు కారణం కావచ్చు. అలాంటి రోజున పది నిమిషాలు నెమ్మదిగా కదిలి చూడాలి. ఒళ్ళు వదులైతే కొనసాగించవచ్చు. కాకపోతే ఆ పూట నడకతో సరిపెట్టాలి. మరునాడు రెండింతలు పరుగెత్తి బాకీ తీర్చబోతే దెబ్బతగిలే ప్రమాదముంది. జ్వరం, గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. నీరసం రోజుల తరబడి వదలకపోయినా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

పరుగు మధ్యలో మనసు జారితే మిగిలిన దూరం తలచుకోరాదు. భుజాలు వదులు చేసి, ఊపిరి నిండుగా వదిలి, ఎదుట కనిపించే స్తంభం వరకే గురి పెట్టుకోవాలి. అది దాటాక మరొకటి.

విశాఖ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీకి 2023 అక్టోబరు 1న ఇంతకన్న పెద్ద పరీక్ష ఎదురైంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి తుపాకీ పేలకముందే కదలగా, అధికారులు జ్యోతిని కూడా తప్పుపట్టారు. ఆమె అభ్యంతరం చెప్పి, ఆ వాదన మధ్యనే మళ్ళీ గీత దగ్గర నిలబడి 12.91 సెకన్లలో మూడో స్థానంలో ముగించింది. తరువాత చైనా అమ్మాయిపై వేటు పడగా జ్యోతికి రజతం దక్కింది. ఆ గొడవకు మనసు చెదిరి ఉంటే ఆ పతకం వచ్చేది కాదు.

ఓపిక మైదానంలోనే కాదు, బయటా కావాలి. 2022 ప్రకటనకు ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న గాని మొదలుకాలేదు. అన్నాళ్ళు నిలవాలంటే బలాన్ని దాచుకోవలసిందే.

పెద్దలు కూడా ఒక చేయి వేయవచ్చు. టేపుతో కొలిచి, హైస్కూలు మైదానంలో సున్నంతో చుట్టు గీయించడానికి పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. చుట్టు కొలత తెలిస్తే, సెల్‌ఫోనులో సెకన్లు చూసుకుని తమ వేగాన్ని పిల్లలే సరిదిద్దుకుంటారు.