ఆఫ్రికాలో ఒకే ఒక్క ఏటీపీ టోర్నీ.. మరాకేష్ ఎర్రమట్టి మీద ఒక వారం ఆటగాళ్లకు ఎందుకంత ముఖ్యం?

ఏప్రిల్ వచ్చిందంటే మొరాకోలోని మరాకేష్‌లో టెన్నిస్ సందడి మొదలవుతుంది. వారం రోజులు సాగే ఆ టోర్నీ పేరు 'గ్రాండ్ ప్రీ హసన్-2'. 1961 నుంచి 1999 వరకు మొరాకోను పాలించిన రాజు పేరు అది. 1984లో మొదలైన ఈ పోటీ 1990లో ఏటీపీ టూర్‌లోకి వచ్చింది. చాలా ఏళ్లు కాసాబ్లాంకాలో జరిగి, 2016లో మరాకేష్‌కు మారింది. పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే ఏటీపీ టూర్‌లో ఆఫ్రికా ఖండం మొత్తానికి ఇప్పుడున్నది ఈ ఒక్కటే.

వింబుల్డన్, ఫ్రెంచ్ ఓపెన్ చూసే ఇళ్లలో కూడా దీని పేరు విన్నవాళ్లు తక్కువే. కానీ ఇక్కడ ఒక్క వారం కలిసొస్తే ఆటగాడి ఏడాదంతా మారిపోతుంది. అదెలాగో తెలియాలంటే ముందు పాయింట్ల లెక్క అర్థం కావాలి.

250 అంటే ఏంటి?

ఏటీపీ టోర్నీల్లో 1000, 500, 250 అని స్థాయిలున్నాయి. విజేతకు వచ్చే ర్యాంకింగ్ పాయింట్లే ఆ అంకె. మరాకేష్‌ది 250 స్థాయి. ఫైనల్లో ఓడితే 165, సెమీస్‌లో ఓడితే 100, క్వార్టర్స్‌లో ఓడితే 50 వస్తాయి. ర్యాంకుతో నేరుగా వచ్చినవాడు మొదటి మ్యాచ్‌లోనే ఓడితే సున్నా.

ఈ పాయింట్లు కూడా శాశ్వతం కాదు. 52 వారాలు తిరిగేసరికి ఖాతాలోంచి పోతాయి. అందుకే నిరుడు గెలిచినవాడికి ఈ ఏడాది టెన్షన్ ఎక్కువ. మళ్లీ ఆ స్థాయిలో ఆడకపోతే ర్యాంకు పడిపోతుంది.

ర్యాంకు పడితే నష్టమేంటి? గ్రాండ్‌స్లామ్‌లో ఆడేది 128 మంది. అందులో ర్యాంకును బట్టి నేరుగా చోటు దొరికేది 104 మందికే. 95లో ఉన్నవాడు నేరుగా ఆడతాడు. 125లో ఉన్నవాడు క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి రావాలి. విమాన టికెట్లు, కోచ్ జీతం, ఫిజియో ఖర్చు మాత్రం ఇద్దరికీ ఉంటాయి.

మట్టి మీద ఆట వేరు

మరాకేష్ కోర్టు ఎర్రమట్టిది. చూడ్డానికి మట్టిలా ఉన్నా పైపొర నిజానికి మెత్తగా దంచిన ఇటుక పొడి. దాని మీద పడ్డ బంతి వేగం తగ్గుతుంది, ఎత్తుగా లేస్తుంది. సర్వీసుతోనే పాయింట్లు కొట్టేసేవాళ్లకు ఇక్కడ పని కష్టం. జారుతూ బంతిని అందుకుని, ఓపిగ్గా ర్యాలీ ఆడేవాళ్లదే పైచేయి. బంతి గుర్తు మట్టి మీద కనిపిస్తుంది కాబట్టి ఒకప్పుడు అంపైర్ కుర్చీ దిగొచ్చి దాన్ని చూసి నిర్ణయం చెప్పేవాడు. 2025 నుంచి ఏటీపీ టోర్నీల్లో ఆ పని కెమెరాలకు అప్పగించారు.

355వ ర్యాంకువాడి టైటిల్

ఒక్క వారం విలువేంటో చెప్పాలంటే స్పెయిన్‌కు చెందిన పాబ్లో అందుహార్‌నే చెప్పుకోవాలి. 2011, 2012లో ఈ టోర్నీ గెలిచాడు. తర్వాత మోచేతికి ఆపరేషన్లు జరిగి ఆటకు దూరమయ్యాడు. ఇక అయిపోయిందనుకున్న టైంలో, 2018లో, 355వ ర్యాంకుతో మరాకేష్ వచ్చాడు. ఫైనల్లో బ్రిటన్ ఆటగాడు కైల్ ఎడ్మండ్‌ను ఓడించి మూడోసారి కప్పు ఎత్తాడు. వింబుల్డన్ మాజీ ఫైనలిస్టు మాటియో బెరెటినీ కూడా గాయాలతో 135వ ర్యాంకుకు పడిపోయి, 2024లో ఇక్కడే గెలిచి నిలదొక్కుకున్నాడు.

సొంతగడ్డ కుర్రాళ్ల మాటేమిటి?

ర్యాంకు లేకున్నా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోటును వైల్డ్ కార్డు అంటారు. ఈ స్థాయి టోర్నీ సింగిల్స్‌లో అవి మూడే. వీటి కోసం మొరాకో కుర్రాళ్లు ఏడాదంతా ఎదురుచూస్తారు. యూరప్ వెళ్లే ఖర్చు లేకుండా పెద్ద ఆటగాళ్లతో తలపడే అవకాశం కదా!

1997లో హిషామ్ అరాజీ, 2002లో యూనుస్ అల్ ఐనావీ సొంత జనం మధ్య సింగిల్స్ టైటిల్ గెలిచారు. ఆ తర్వాత 2025 దాకా ఒక్క మొరాకో ఆటగాడూ గెలవలేదు. వైల్డ్ కార్డుతో కోర్టులోకి రావచ్చు గానీ పాయింట్లు గెలిచే తెచ్చుకోవాలి. 2022, 2023, 2024లో ఈ టోర్నీ రంజాన్ నెలలోనే వచ్చింది. ఉపవాసం పాటించే ఆటగాడికైనా అంపైర్లకైనా ఆ ఎండలో అది మరో పరీక్ష.

మనవాళ్ల సంగతి

2010లో రోహన్ బోపన్న, పాకిస్తాన్‌కు చెందిన ఐసాముల్ హక్ ఖురేషీ జోడీ ఈ టోర్నీ డబుల్స్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. 2024లో సుమిత్ నాగల్ క్వాలిఫయింగ్ గెలిచి, మెయిన్ డ్రాలో ఫ్రాన్స్ ఆటగాడు కోరెంటిన్ మూటేను ఓడించాడు. మరుసటి వారమే మాంటే కార్లోలో ఇంకో మ్యాచ్ గెలిచి, క్లే కోర్టు మాస్టర్స్ సింగిల్స్ మెయిన్ డ్రాలో గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. ఇక మన హైదరాబాద్ ఆటగాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2025లో చిలీ రాజధాని శాంటియాగోలో డబుల్స్ టైటిల్ కొట్టాడు. అదీ ఎర్రమట్టి మీదే, అదీ 250 స్థాయి టోర్నీయే.

ఈసారి మరాకేష్ స్కోర్లు కనబడితే విజేత పేరుతో ఆగిపోకండి. క్వాలిఫయింగ్ నుంచి వచ్చి మొదటి రౌండ్ గెలిచింది ఎవరో కూడా చూడండి. రెండు నెలల తర్వాత ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆ పేరు మళ్లీ కనబడొచ్చు.