నేలమాళిగ, నేల ఉష్ణోగ్రత: యానాంలో ఫ్రెంచి ఎర్ర వైన్ నిల్వ

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండినది. బోర్డో ఎర్ర వైన్ నేలమాళిగలో ఏళ్ల తరబడి మాగి మెరుగవుతుందని విన్న విద్యార్థికి, గౌతమీ తీరాన మాళిగ తవ్వినా అదే ఫలితం రాదా అన్న సందేహం సహజం. దీనికి సమాధానం మృత్తికా భౌతికశాస్త్రంలో ఉంది.

మొదట మాగడమంటే ఏమిటో గ్రహించాలి. కబెర్నే సోవిన్యోఁ, మెర్లో ద్రాక్ష తొక్కల నుండి, గింజల నుండి టానిన్లు వైన్‌లోకి చేరుతాయి. కరక్కాయ కొరికినప్పటి వగరుకు కారణం ఇవే. లాలాజలంలోని ప్రోటీన్లను ఇవి బంధిస్తాయి. సీసాలో టానిన్లు, ఆంథోసయనిన్లు నెమ్మదిగా కలిసి పెద్ద అణువులవుతాయి. కొన్ని మడ్డిగా అడుగుకు చేరుతాయి. వగరు మెత్తబడుతుంది, ఊదా ఛాయ ఇటుక రంగుకు మారుతుంది. అందువల్లనే రుచి చూసేవారు గ్లాసును తెల్లని గుడ్డపై వంచి ముందుగా అంచు రంగును, పిదప వాసనను, చివరగా నోటిలో పులుపు, వగరుల పొందికను పరిశీలిస్తారు. ఆల్కహాలు, టానిన్లు తక్కువగా ఉన్న తాటికల్లు ఒక్క రోజులోనే పులిసిపోతుంది.

నిల్వకు 12–14 డిగ్రీల సెల్సియస్, సుమారు 70 శాతం గాలి తేమ, చీకటి అనుకూలం. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా స్థిరపడుతుంది. బోర్డోలో అది సుమారు 13–14 డిగ్రీలు. మన తీరంలో సుమారు 28. డెల్టాలో భూగర్భజలం పైననే ఉండటం మరొక అడ్డంకి. 10 డిగ్రీల పెరుగుదలకు రసాయన చర్యల వేగం రెట్టింపవుతుందనుకుంటే, ఇక్కడ ఆ వేగం దాదాపు మూడు రెట్లు. అయితే అన్ని చర్యలూ ఒకే పాళ్లలో వేగవంతం కావు. కనుక త్వరగా మాగిన వైన్ కాక, ఉడికిన పండు వాసన గల వైన్ మిగులుతుంది. వేడికి ద్రవం వ్యాకోచించి బిరడాను కూడా కదిలిస్తుంది.

కాబట్టి యానాంలో శీతల అరయే మాళిగ. బిరడా ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. వడ్డనకు చెప్పే 'గది ఉష్ణోగ్రత' పాత ఫ్రెంచి గదిది, అనగా 16–18 డిగ్రీలు. మన వేసవి గదిది కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ లెక్క కొత్తది కాదు. హారింగ్టన్ సూత్రం ప్రకారం నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే విత్తన జీవితకాలం రెట్టింపవుతుంది. వరి మాగాణిలో చల్లే మినుము విత్తనమైనా, బోర్డో సీసా అయినా, పరదేశపు నిల్వ పద్ధతిని సిఫారసు చేసేముందు ఆ దేశపు ఉష్ణోగ్రతను అడగాలి.