మల్లెతోట పచ్చగా ఉన్నా పూత తగ్గిందా? కత్తిరింపు, నీటి తడుల్లో పాటించాల్సిన మెళకువలు

"తోట గుబురుగా, పచ్చగా ఉంది, మొగ్గ మాత్రం రావడం లేదు. ఏం మందు కొట్టాలి?" అని మల్లె రైతులు అడుగుతుంటారు. చాలా తోటల్లో మందుతో పని ఉండదు. గుండుమల్లెలో మొగ్గ కొత్తగా వచ్చిన చిగురు కొసనే వస్తుంది. ముదిరిన పాత కొమ్మ ఆకును మోస్తుందే తప్ప పూత ఇవ్వదు. కాబట్టి ఏడాదిలో ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు కొత్త చిగురు తెప్పించగలిగితే అన్నిసార్లు పూత వస్తుంది.

ముందు చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. వానలు తగ్గాక, అక్టోబరు చివర నుంచి నీరు పెట్టడం ఆపేయండి. ఇసుక నేలల్లో రెండు మూడు వారాలకే ఆకులు పాలిపోయి రాలడం మొదలవుతుంది. నల్లరేగడిలో తేమ నిలుస్తుంది కనుక ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఆకు రాలితే చెట్టు చచ్చిపోతుందేమోనని భయపడి మధ్యలో ఒక తడి ఇస్తే అప్పటిదాకా ఆపిన ఫలితం పోతుంది. కొన్ని ఊళ్లలో గొర్రెల మందను తోలి ఆకు మేపిస్తారు. మంచి పద్ధతే, ఆకు దూసే కూలి మిగులుతుంది, ఎరువూ పడుతుంది. అయితే ఈ మధ్య పురుగుమందు కొట్టిన తోటలోకి మాత్రం మందను తోలవద్దు.

కత్తిరింపు నవంబరు చివరి వారం నుంచి మొదలు పెట్టవచ్చు. నేల నుంచి 45-50 సెం.మీ., అంటే సుమారు అడుగున్నర ఎత్తు ఉంచి పైకొమ్మలన్నీ తీసేయాలి. ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానిమీద ఒకటి పడినవి అడుగు నుంచి తీసేయండి. ఇక్కడే చాలామంది వెనకాడతారు. ఏపుగా ఉన్న చెట్టును మోడు చేయడానికి మనసొప్పక పైపైన కొసలు తుంచి వదిలేస్తారు. అలా చేస్తే పాత కట్టె ఏటా పెరుగుతూ, పూత చెట్టు పైభాగానికే పరిమితమై, లోపల గాలి, వెలుతురు లేక పురుగులకు ఆశ్రయమవుతుంది. కొత్తగా నాటిన మొక్కలను మాత్రం ఇంత లోతుగా కత్తిరించకూడదు. లావు కొమ్మలు కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. జాజి, సన్నజాజి తోటలున్నవారు ఇదే తేదీలు పాటించవద్దు. వాటికి డిసెంబరు చివరి వారం నుంచి జనవరి చివరి వారం మధ్య కత్తిరింపు అనుకూలం.

కత్తిరించాక పాదుల చుట్టూ తవ్వి కొన్నాళ్లు ఎండనివ్వండి. మొగ్గలను ఆశించే ఈగ పిల్లపురుగులు నేలలోనే కోశస్థ దశకు చేరతాయి, తవ్వితే బయటపడి ఎండకు చస్తాయి. తరువాత చెట్టుకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి తడి ఇవ్వాలి. రసాయన ఎరువుల విషయంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ఏడాదికి చెట్టుకు 60 గ్రా. నత్రజని, 120 గ్రా. భాస్వరం, 120 గ్రా. పొటాష్. దీన్ని కత్తిరింపు తరువాత సగం, జూన్-జూలైలో సగం వేసుకోవాలి. ఒక్కో దఫాకు చెట్టుకు సుమారు 65 గ్రా. యూరియా, 375 గ్రా. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రా. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అవుతుంది. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన నేలల్లో భాస్వరం నిల్వ ఉండవచ్చు, భూసార పరీక్ష చేయిస్తే ఆ ఖర్చు తగ్గించుకోవచ్చు. పూత రావడం లేదని యూరియా పెంచడం మాత్రం సరికాదు. ఆకే పెరుగుతుంది, మొగ్గ వెనకబడుతుంది.

తోటంతా ఒకే రోజు కత్తిరించవద్దు

పొలం 20 సెంట్లే అయినా ఇది వర్తిస్తుంది. అంతా ఒకేసారి కత్తిరిస్తే పూత అంతా ఒకేసారి వస్తుంది. ఏప్రిల్‌లో అందరి తోటలూ పూస్తాయి, ధర పడిపోతుంది, తెల్లవారుజామున కోసే మనుషులూ దొరకరు. కోయని మొగ్గ చెట్టుమీదే విచ్చుకుంటే మార్కెట్లో దానికి విలువ లేదు. అందుకని తోటను మూడు మడులుగా చేసి నవంబరు చివర ఒకటి, డిసెంబరు మధ్యలో ఒకటి, జనవరి మొదట్లో ఒకటి కత్తిరించండి. చలికి చిగురు మెల్లగా సాగుతుంది కనుక ముందు కత్తిరించిన మడికీ తరువాతి మడికీ మధ్య ఎడం పూతకొచ్చేసరికి కొంత తగ్గుతుంది. పదిహేను రోజుల తేడా అలాగే నిలుస్తుందని లెక్క కట్టుకోవద్దు.

అసలు ఎడం వేసవిలో సాధించవచ్చు. ఒక విడత పూత అయ్యాక పూసిన రెమ్మల కొసలు రెండు మూడు అంగుళాలు తుంచేస్తే పక్క కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, వాటి మీద మళ్లీ మొగ్గ కడుతుంది. ఒక మడి ఇప్పుడు, ఇంకో మడి పది రోజుల తరువాత తుంచితే కోతలు విడివిడిగా అందుతాయి. ఈ సమయంలో నీటి తడులు క్రమం తప్పకూడదు. మొగ్గ దశలో నేల బెట్టకు వస్తే మొగ్గలు చిన్నవై రాలిపోతాయి. గట్టు మీది చెట్ల నీడ పడే సాళ్లలో ఎంత తుంచినా పూత పలచగానే ఉంటుంది, ముందు ఆ కొమ్మలు కొట్టించండి.

లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపుకు తిరిగితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది కలిపి ఆకులు మళ్లీ పచ్చబడేవరకు కొన్ని రోజుల వ్యవధితో పిచికారీ చేయాలి. మొగ్గలు అడుగున ఉబ్బి, గులాబీ రంగుకు మారి ఎండిపోతుంటే అది మొగ్గ ఈగ పని. అలాంటి మొగ్గలను, రాలినవాటితో సహా ఏరి కాల్చేయండి, గట్టు మీద పోస్తే పురుగు మళ్లీ తోటలోకే వస్తుంది.

తుంచిన రోజున ఒక రెమ్మకు రంగు దారం కట్టి, మొదటి మొగ్గ ఎన్నో రోజుకు వచ్చిందో రాసుకోండి. నేలను బట్టి, నీటిని బట్టి ఆ లెక్క మారుతుంది. మీ తోట లెక్క తెలిస్తే పెళ్లి ముహూర్తాలకూ, పండుగలకూ ఎన్ని రోజుల ముందు ఏ మడి తుంచాలో మీరే నిర్ణయించుకోవచ్చు.