పౌరుషగ్రంథి కాన్సరు: కత్తియా? కిరణమా?

పురుషుల శరీరంలో మూత్రాశయానికి దిగువన, పెద్దపేగు చివరి భాగానికి ముందు, పెద్ద ఉసిరికాయ పరిమాణంలో ఒక గ్రంథి ఉన్నది. దీనిని పౌరుషగ్రంథి, లేక ప్రాస్టేటు గ్రంథి అంటారు. వీర్యంలోని ద్రవంలో కొంతభాగం ఇందులో తయారగును. మూత్రం బయటికి పోయే నాళం, పూసలో దారంవలె, ఈ గ్రంథి నడుమనుండి పోవుచున్నది. మూత్రాన్ని ఆపిపట్టే కండరం దీనికి క్రిందనే ఉన్నది. పురుషాంగానికి పోయే సన్నని నరాలు దీని ప్రక్కలను అంటి సాగుచున్నవి. వెనుక పేగు గోడ. చదువరులు ఈ అమరికను మనస్సులో ఉంచుకొనవలెను. ఈ గ్రంథికి చేసే చికిత్సలలో వచ్చే చిక్కులు చాలవరకు ఈ ఇరుగుపొరుగుల మూలంగా వచ్చేవే.

ఇక్కడ పుట్టే కాన్సరు ఎక్కువగా వయస్సు మళ్లినవారిలో కనిపించును. చాలామందిలో ఇది మెల్లగా పెరిగే జాతి. రక్తంలో పి.ఎస్.ఏ. అనే ప్రోటీను హెచ్చుగా ఉంటే అనుమానించి, గ్రంథినుండి సూదితో సన్నని ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. వ్యాధి ఇంకా గ్రంథిని దాటి దూరం పోనప్పుడే పై ప్రశ్న పుట్టును. ఎముకలకు ప్రాకిన తరువాత గాని ఆస్పత్రికి రానివారు మన దేశంలో ఎందరో ఉన్నారు. వారి చికిత్స వేరు.

శస్త్రచికిత్స అనగా గ్రంథిని పూర్తిగా తీసివేసి, తెగిన మూత్రనాళాన్ని తిరిగి మూత్రాశయానికి కలిపి కుట్టడం. 1904లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో హ్యూ హాంప్టన్ యంగ్ దీనికి దారి వేశాడు. కాని ప్రక్కనున్న నరాలు కూడా తెగిపోవడం వల్ల రోగులలో ఎక్కువమంది పురుషాంగ పటుత్వం కోల్పోయేవారు. ఆ నరాలు ఎక్కడ ఉన్నవో సర్జనులకే సరిగా తెలియదు! పెద్దవారి మృతదేహాలలో అవి కొవ్వులో కలిసిపోయి అగపడవు. 1981లో పాట్రిక్ వాల్ష్ అనే సర్జను హాలెండులోని లైడెన్‌కు పోయి, డాంకర్ అనే ఆచార్యునితో కలిసి, మృతశిశువు శరీరంలో ఆ నరాల దారిని కనిపెట్టాడు. అవి గ్రంథి పొరకు వెలుపలగా పోవుచున్నవి. కనుక వాటిని విడదీసి కాపాడవచ్చును. 1982లో అతడు ఆ విధంగా శస్త్రచికిత్స చేశాడు. నేడు అనేకచోట్ల యంత్రహస్తాల సాయంతో చేసేది ఈ పద్ధతినే.

కిరణచికిత్సలో కోత లేదు. శక్తిమంతమైన ఎక్స్-కిరణాలను పలు దిక్కులనుండి గ్రంథిమీద కలిసేటట్లు పంపుతారు. కిరణాలు కాన్సరును కాల్చివేస్తవి అనే మాట తరచు వింటాము. అది సరికాదు. కిరణాల మోతాదుకు ప్రమాణం గ్రే. అనగా కిలోగ్రాముకు ఒక జౌలు శక్తి. చికిత్స మొత్తంలో ఇచ్చే 74 గ్రేలను ఒక్కసారిగా నీటిలో పోసినా ఆ నీరు డిగ్రీలో యాభయ్యవ వంతు కూడా వేడెక్కదు. భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్క వేసి చూసుకొనవచ్చును. నిజానికి జరిగేదేమనగా, కిరణాలు పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టి, జీవకణంలోని డి.ఎన్.ఏ. పోగులను తెంపివేస్తవి. తెగిన పోగులను ఆరోగ్యవంతమైన కణాలు చాలవరకు అతుకుకోగలవు. కాన్సరు కణాలకు ఆ నేర్పు తక్కువ. అందుచేతనే మోతాదును రోజుకు 2 గ్రేల చొప్పున 37 విడతలుగా పంచేవారు. తరువాత 20 విడతలు వచ్చినవి. తీవ్రత తక్కువగానో, మధ్యరకంగానో ఉన్నవారికి 5 విడతలు కూడా తీసిపోవని 2024లో ప్రకటించిన పరిశోధనలో తేలినది.

ఈ రెండింటిలో ఏది మేలు? చాలాకాలం సరియైన జవాబు దొరకకపోవడానికి కారణం గమనించదగినది. సాధారణంగా వయస్సు తక్కువవారిని, గుండె గట్టిగా ఉన్నవారిని శస్త్రచికిత్సకు ఎన్నుకొంటారు. పదేళ్ల తరువాత వారిలో ఎక్కువమంది బ్రతికి ఉంటే అది కత్తి గొప్పతనమని ఎట్లు చెప్పగలము? మంచి మార్కులు వచ్చిన పిల్లలనే ఏరి చేర్చుకొనే పాఠశాల తన ఉత్తీర్ణుల సంఖ్యను చాటుకొన్నట్లుండును. వైద్యులను అడిగినా తేలలేదు. 2000లో ప్రకటించిన ఒక అమెరికా పరిశీలనలో మూత్రవ్యాధుల సర్జనులు నూటికి 93 మంది శస్త్రచికిత్సే మేలన్నారు. కిరణవైద్యులలో నూటికి 72 మంది రెండూ సమానమన్నారు. ఎవరి పనిముట్టు వారికి ముద్దు.

ఈ చిక్కును విడదీయడానికి బ్రిటనులో ఒక పెద్ద ప్రయోగం జరిగినది. 1999 నుండి 2009 వరకు 50–69 సంవత్సరాల వయస్సుగల 82,429 మందికి పి.ఎస్.ఏ. పరీక్ష చేశారు. వ్యాధి గ్రంథిలోనే ఉన్నవారిలో 1,643 మంది, తమ చికిత్సను చీటీ వేసినట్లు నిర్ణయించడానికి ఒప్పుకొన్నారు. తన ప్రాణానికి సంబంధించిన విషయాన్ని చీటీకి వదలడం సామాన్యం కాదు. ఈ ప్రయోగానికి మనం ఋణపడవలసినది ముందుగా ఆ రోగులకే. చీటీ వేసినందువల్ల మూడు జట్లలోను బలవంతులు, బలహీనులు సమంగా కలిసిపోయారు. ఒక జట్టుకు శస్త్రచికిత్స. ఒక జట్టుకు కిరణాలు, వాటికి ముందు కొన్ని నెలలు హార్మోను మందు. మూడవ జట్టుకు వెంటనే చికిత్స లేదు. పరీక్షలతో కనిపెట్టి ఉండి, అవసరమైనప్పుడే చికిత్స చేశారు.

పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చినవి. పౌరుషగ్రంథి కాన్సరువల్ల మరణించినవారు శస్త్రచికిత్స జట్టులో నూటికి 2.2, కిరణాల జట్టులో 2.9, కనిపెట్టిన జట్టులో 3.1. ఇంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చును. మొత్తంమీద 356 మంది చనిపోగా, అందులో ఈ కాన్సరుకు బలి అయినవారు 45 మందే. అయితే వ్యాధి దూరప్రాంతాలకు ప్రాకడం చికిత్స పొందిన జట్లు రెండింటిలోను నూటికి సుమారు 5 కాగా, కనిపెట్టిన జట్టులో 9.4. ఇంకొకటి మరువరాదు: వీరిలో ఎక్కువమందిది తీవ్రత తక్కువగా ఉన్న కాన్సరు. తీవ్రమైన రకాలకు ఈ అంకెలను అన్వయించడం పొరపాటు.

ఆయువులో తేడా లేనప్పుడు బ్రతుకులోని సుఖదుఃఖాలను తూచవలెను. ఆరు నెలలకు మూత్రం కారడంవల్ల గుడ్డలు వాడవలసి వచ్చినవారు శస్త్రచికిత్స జట్టులో నూటికి 46 మంది, కిరణాల జట్టులో 5 మంది. ఆరేళ్లకు అవి 17, 4 అయినవి. పటుత్వం కూడా మొదట శస్త్రచికిత్స జట్టులోనే ఎక్కువగా దెబ్బతిన్నది. కిరణాల జట్టులో కొంత కోలుకొన్నది. కాని మలంలో రక్తం పడడం వంటి పేగు బాధలు కిరణాలు పొందినవారిలో ఎక్కువ. అవి కొందరికి ఏళ్లు గడచిన తరువాత బయటపడును. బజారుకు, పొలానికి, బడికి పోయేవాడు వీటిలో దేనిని ఓర్చుకోగలడో అతడే చెప్పవలెను.

కొన్ని సందర్భాలలో శరీరమే నిర్ణయిస్తుంది. గ్రంథి పెరిగి మూత్రం అడ్డుపడుతున్న వానికి శస్త్రచికిత్స రెండు బాధలనూ ఒకేసారి తీర్చును. పేగులో దీర్ఘకాలపు వాపువ్యాధి ఉన్నవానికి, ఇదివరకే పొత్తికడుపుపై కిరణాలు పడినవానికి కిరణచికిత్స తగదు. మత్తుమందుకు తట్టుకోలేని గుండె ఉన్నవానికి కత్తి తగదు. శస్త్రచికిత్స తరువాత వ్యాధి తిరగబెడితే కిరణాలు ఇవ్వవచ్చును. కిరణాల తరువాత గ్రంథిని తీయడం, ఆ చోటు గట్టిపడి అంటుకొనిపోవుటచేత, కష్టం. దీనిని బట్టి కత్తే ముందు అనేవారున్నారు. కాని అరవై అయిదేళ్లవాడు రెండవ చికిత్స అవసరం రావచ్చునేమో అని మొదటిదాని బాధలను కొని తెచ్చుకోవలెనా అన్నది నాకు సందేహమే.

రోగి సర్జనును, కిరణవైద్యుని వేరువేరుగా కలిసి మాట్లాడడం మంచిది. అందుకు కొన్ని వారాలు పట్టినా, మెల్లగా పెరిగే ఈ రకపు కాన్సరులో సాధారణంగా నష్టం ఉండదు.