ప్లానార్ హెడ్‌ఫోన్‌కు ఆంప్ ఎంత, ప్యాడ్ ఎంత

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఉంటూ ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్ కొనాలనుకునేవాళ్లకు ధర కంటే ముందు ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటుంది. అలాంటిదాన్ని చెవికి పెట్టుకుని విని చూసే చోటు దగ్గర్లో దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, పెట్టె ఇంటికి వచ్చాకే సంగతి తెలుస్తుంది. వచ్చాక తరచుగా వినపడే మాట, "సౌండ్ చాలడం లేదు" అని. పెద్ద ఆంప్ (యాంప్లిఫయర్) కొనమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆంప్ వస్తుంది, సౌండ్ పెరుగుతుంది, కానీ బేస్ ఇంకా పలచగానే ఉంటుంది, తాళాలు ఇంకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంటాయి. ఆ లోపం చాలాసార్లు ఆంప్‌ది కాదు, చెవి చుట్టూ కూర్చున్న మెత్తటి ప్యాడ్‌ది. ఆంప్ సరిపడా ఉంటే చాలు, ఆ సరిపడా ఎంతో కాగితం మీద లెక్క కట్టి చెప్పవచ్చు. ప్యాడ్‌కు అలాంటి లెక్క లేదు. దాని తీర్పు మన తల ఆకారం, కళ్లద్దాలు, మన ఎండాకాలం కలిసి చెప్పాల్సిందే.

ఈ హెడ్‌ఫోన్ పనితీరు ముందు చూద్దాం. మామూలు హెడ్‌ఫోన్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది. దాని పొర వెనక చుట్టిన తీగచుట్టను ఒక అయస్కాంతం ముందుకూ వెనక్కూ కదుపుతుంది. ప్లానార్‌లో తీగచుట్ట ఉండదు. మైక్రాన్లలో కొలిచే పల్చటి ప్లాస్టిక్ పొర మీదనే కరెంటు పారే సన్నటి లోహపు గీతలు పరుస్తారు. ఆ పొరకు ఎదురుగా, ఒకవైపో రెండువైపులానో, అయస్కాంతపు కడ్డీలు వరుసగా నిలబెడతారు. డోలును పుల్లతో కొడితే దెబ్బ ఒకచోట పడి తోలంతా పాకుతుంది. ప్లానార్ పొర మీద అలా ఒకచోట దెబ్బ పడదు, దాదాపు మొత్తం పొర ఒకేసారి కదులుతుంది. బేస్‌లో వక్రీకరణ తక్కువగా ఉండడానికి అదే కారణం. కానీ అయస్కాంత శక్తి అంత వెడల్పు మీద పరుచుకోవడంతో ఏ ఒక్క గీతకూ బలంగా తగలదు. ఆ కొరతను కరెంటుతో పూడ్చాలి. యమహా 1976లో హెచ్‌పీ-1 అనే మోడల్‌తో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. తర్వాత చాలాకాలం అది మూలన పడింది. 2008లో కాలిఫోర్నియాలో మొదలైన ఆడిజీ, చైనా నుంచి వచ్చిన హైఫైమాన్ దాన్ని మళ్లీ నిలబెట్టాయి.

ఇక లెక్క. హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు సంఖ్యలుంటాయి: ఓమ్‌లలో ఇంపిడెన్స్, డెసిబెల్‌లలో సెన్సిటివిటీ. ఒక మిల్లీవాట్ ఇస్తే ఎంత చప్పుడు వస్తుందో సెన్సిటివిటీ చెబుతుంది. ప్రతి 3 డెసిబెల్‌లకూ కావలసిన పవర్ రెండింతలు, 10 డెసిబెల్‌లకు పదింతలు. సంగీతం సగటున 75, 80 డెసిబెల్‌ల దగ్గర నడుస్తూ ఉంటే, డోలు మీద పడే దెబ్బ దానికి 15, 20 డెసిబెల్‌లు పైన ఉంటుంది. అందువల్ల పీక్‌కు 110 డెసిబెల్‌లు అందించగలిగితే కావలసినంత మిగులు ఉన్నట్టే.

మొండితనానికి పేరుపడ్డ హైఫైమాన్ హెచ్‌ఈ6 కుటుంబాన్ని తీసుకోండి. సెన్సిటివిటీ సుమారు 83 డెసిబెల్, ఇంపిడెన్స్ 50 ఓమ్‌లు. 110కి చేరాలంటే ఇంకా 27 డెసిబెల్‌లు కావాలి, అంటే సుమారు 500 మిల్లీవాట్లు. దానికి 5 వోల్టులు, 100 మిల్లీఆంపియర్లు పడతాయి. అదే కంపెనీ హెచ్‌ఈ400ఎస్‌ఈకి సెన్సిటివిటీ 91, ఇంపిడెన్స్ 32 ఓమ్‌లు. అదే చప్పుడుకు దానికి 80 మిల్లీవాట్లు చాలు, అంటే సుమారు 1.6 వోల్టులు. ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ విషయం ఇంకా తేలిక. 20 ఓమ్‌లు, 103 డెసిబెల్, కావలసింది కేవలం 5 మిల్లీవాట్లు. మూడూ ప్లానార్‌లే, కానీ మొదటిదానికీ చివరిదానికీ మధ్య తేడా వంద రెట్లు. కాబట్టి ప్లానార్ అనగానే పెద్ద ఆంప్ తప్పదనడం తప్పు. ఏ ప్లానార్ అన్నది ముందు అడగాలి.

వాట్లు ఒక్కటే చూసినా మోసపోతాం. హైఫైమాన్ ఎడిషన్ ఎక్స్‌ఎస్ 18 ఓమ్‌లది, సెన్సిటివిటీ 92. 110 డెసిబెల్‌లకు దానికి వోల్టు కంటే కాస్త ఎక్కువ చాలు, ఫోన్‌కు తగిలించే డాంగుల్ ఆ వోల్టేజీని సులువుగానే ఇస్తుంది. కానీ కరెంటు 60 మిల్లీఆంపియర్ల దాకా కావాలి, చిన్న డాంగుల్స్ కొన్ని అక్కడే చేతులెత్తేస్తాయి. వాల్యూమ్ సగంలోనే ఉన్నా డోలు దెబ్బ చితికినట్టు వినిపిస్తే కరెంటు చాలడం లేదేమోనని అనుమానించాలి. ఆంప్ కాగితంలో "ఒక వాట్" అని రాసి ఉంటే అది ఎన్ని ఓమ్‌ల దగ్గరో చూడండి. 32 ఓమ్‌ల దగ్గర ఒక వాట్ ఇచ్చే ఆంప్ అదే వోల్టేజీతో 300 ఓమ్‌ల దగ్గర 107 మిల్లీవాట్లే ఇస్తుంది. 18 ఓమ్‌ల దగ్గర ఇంకా ఎక్కువ ఇవ్వాలి కానీ, కరెంటు పరిమితి అడ్డొస్తే ఇవ్వలేదు. మన హెడ్‌ఫోన్ ఓమ్‌ల దగ్గర ఎంతిస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ గురించి మామూలు హెడ్‌ఫోన్‌ల విషయంలో చెప్పే జాగ్రత్త ప్లానార్‌లకు పెద్దగా వర్తించదు. వీటి ఇంపిడెన్స్ బేస్ నుంచి ట్రెబుల్ దాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి స్వరం రంగు మారదు. ఒక్కో చానెల్‌కు ప్లస్, మైనస్ తీగలు రెండింటిలోనూ సిగ్నల్ పంపే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ వోల్టేజీని రెండింతలు చేస్తుంది, కరెంటు అందితే పవర్ నాలుగింతలు అవుతుంది. హెచ్‌ఈ6 లాంటిదానికి అది పనికొచ్చే లాభం, ఎల్‌సీడీ-ఎక్స్‌కు అవసరం లేదు. ఒక ప్రమాదం మాత్రం గుర్తుంచుకోవాలి. బ్యాలెన్స్‌డ్ రంధ్రంలోంచి మామూలు మూడు కొనల జాక్‌కు మార్చే అడాప్టర్ పెట్టకండి. రెండు చానెళ్ల మైనస్ తీగలు ఒకదానికొకటి తగిలి ఆంప్ పాడవుతుంది.

ఇదే ప్రమాదం మన ఊరి మెకానిక్ షాపులో ఇంకో రూపంలో ఉంది. హెచ్‌ఈ6 వచ్చిన తొలినాళ్లలో దాన్ని స్పీకర్ ఆంప్‌లకే నేరుగా కలిపి విన్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ సంగతి చదివి, మన దగ్గర ఎక్కడ చూసినా దొరికే 4440 ఐసీ బోర్డుతో ఆంప్ చేయించుకుందామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఆ ఐసీని రెండు చానెళ్లుగా వాడితే ఒక్కోదానికి 6 వాట్లు, బ్రిడ్జ్ పద్ధతిలో కలిపితే 19 వాట్లు వస్తాయి. బ్రిడ్జ్ చేసిన బోర్డులో స్పీకర్‌కు వెళ్లే రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ గ్రౌండ్ కాదు. మామూలు జాక్ ఉన్న హెడ్‌ఫోన్‌ను దానికి తగిలిస్తే షార్ట్ అయినట్టే. బోర్డు బ్రిడ్జ్‌లో ఉందా లేదా అని మెకానిక్‌ను అడిగి, మీటర్ పెట్టించి చూసుకోవాలి. బ్రిడ్జ్ కాకపోయినా ఆ బోర్డుల సొంత బుస సెన్సిటివిటీ ఎక్కువున్న హెడ్‌ఫోన్‌లో పాట మధ్య నిశ్శబ్దాలన్నిటా వినిపిస్తుంది. మంచి డెస్క్‌టాప్ హెడ్‌ఫోన్ ఆంప్ ఈ పనికి ఎంతో మేలు.

గూంయ్‌మనే హమ్ ఇంకో గోల. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి వినండి. హమ్ పోతే ఆంప్‌కు ఏ పాపమూ లేదు, గొడవంతా చార్జర్, ఎర్త్‌ల దగ్గర ఉంది. అప్పుడు ఎర్త్ పిన్ విరగ్గొట్టడం పరిష్కారం కాదు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ల్యాప్‌టాప్, ఆంప్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి, ఇంటి ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు పోయినప్పుడే హమ్ మొదలైతే ఇన్వర్టర్‌ను అనుమానించాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్ మూలుగుతుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద మూలగదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిపెట్టే ఆంప్ అయితే 230 వోల్టులకు పనికొస్తుందో లేదో, అడాప్టర్ మీద ఉన్న అక్షరాలు చదవకుండా ప్లగ్‌లో పెట్టకండి.

వాల్యూమ్ ఎంత తిప్పాలన్నది మన గదిని బట్టి ఉంటుంది. ప్లానార్‌లలో ఎక్కువ భాగం వెనక జాలీ ఉన్న ఓపెన్ బ్యాక్ రకం. మే నెలలో కూలర్, సీలింగ్ ఫ్యాన్ నడుస్తున్న గదిలో ఆ చప్పుడంతా నేరుగా లోపలికి వస్తుంది. సన్నటి స్వరాలు ఫ్యాన్ కింద మునిగిపోతే చెయ్యి తనంతట తానే వాల్యూమ్ మీదికి పోతుంది. చాలామంది ఆంప్ చాలడం లేదనుకునేది ఇక్కడే. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌ల దగ్గర ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భూపాలపల్లి సింగరేణి గనుల్లో షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి చెవికి ఆ రోజు వాటాలో పెద్ద భాగం యంత్రాల దగ్గరే ఖర్చయిపోయి ఉంటుంది. ఆ చెవి మీద ఇంకా భారం వేయకూడదు. ఫ్యాన్ తప్పనిసరైన ఇంట్లో క్లోజ్డ్ బ్యాక్ ప్లానార్ కొనడమే సరైన పని. ఓపెన్ రకపు విశాలత పోతుంది, చెవి మిగులుతుంది.

ఇక ప్యాడ్‌లు. పొరకూ చెవికీ మధ్య ఉన్న చిన్న గాలిగదిని కట్టేది ప్యాడే. ఆ గది ఎంత లోతు, ఎంత వెడల్పు, గోడలు చప్పుడును మింగుతాయా వెనక్కి తిప్పి కొడతాయా, గాలి ఎక్కడ బయటికి పోతుంది, వీటిని బట్టి మనం వినే స్వరం మారుతుంది. రెండు మంచి ఆంప్‌ల మధ్య తేడా కొలిస్తే డెసిబెల్‌లో చిన్న వంతు ఉంటుంది. ప్యాడ్ మారిస్తే ట్రెబుల్‌లో కొన్నిచోట్ల కొన్ని డెసిబెల్‌లే మారిపోతాయి.

మొదట చూడాల్సింది గాలి బిగింపు. ప్లానార్ బేస్ కింది అంచు దాకా నిలబడడానికి ప్యాడ్ తలకు అన్ని వైపులా అతుక్కోవాలి. 40 హెర్ట్జ్ టోన్ ఒకటి ఫోన్‌లో పెట్టి, రెండు ప్యాడ్‌లనూ వేళ్లతో మెల్లగా తలకు అదమండి. చప్పుడు పెరిగిందంటే మామూలుగా పెట్టుకున్నప్పుడు గాలి లీకవుతోందన్నమాట. కళ్లద్దాల కాడ దగ్గర, దవడ ఎముక వెనక గుంట దగ్గర, జడ అడ్డొచ్చిన చోట ఎక్కువగా లీకవుతుంది. కాడ పల్చగా ఉన్న అద్దాలు వేసుకున్నా, మెమరీ ఫోమ్ ఉన్న మెత్తటి ప్యాడ్ పెట్టినా ఈ లీకు చాలావరకు పూడుతుంది. అదిమేటప్పుడు ఒక్కసారిగా గట్టిగా నొక్కకండి, లోపలి గాలి ఒత్తిడికి ఆ పల్చటి పొర ముడతపడే ప్రమాదముంది.

తొడుగు సంగతికొస్తే, నున్నటి తోలు లేదా కృత్రిమ తోలు గాలిని పట్టి ఉంచి బేస్‌ను నిండుగా నిలుపుతుంది, లోపలి గోడ నుంచి ట్రెబుల్‌ను వెనక్కి కొడుతుంది. నూగున్న వెలూర్ గుడ్డ గాలిని కాస్త వదిలేస్తుంది, చర్మానికి హాయిగా ఉంటుంది, కింది బేస్‌ను కొంత తగ్గిస్తుంది. మన ఎండలకు నేను చెప్పేది మధ్యస్థపు రకం: బయటి గోడ తోలుతో, చర్మానికి తగిలేచోట గుడ్డతో, లోపలి గోడ చిల్లులతో ఉండే హైబ్రిడ్ ప్యాడ్. కృత్రిమ తోలులోని పాలీయురెథేన్ వేడికీ తేమకూ విరిగిపోయి పొలుసులుగా రాలుతుంది. చెమట పట్టిన ప్యాడ్‌ను పొడిబట్టతో తుడిచి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. రేకుల కప్పు కింద, ఎండలో ఆపిన కారులో హెడ్‌ఫోన్ వదలకూడదు. వెలూర్ ప్యాడ్ విడిగా వచ్చేదైతే తేలిక సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేసుకోవచ్చు.

మందమూ ముఖ్యమే. ప్యాడ్ నలిగి అణిగిపోయే కొద్దీ చెవి పొరకు దగ్గరవుతుంది, తాళాలు పదునెక్కుతాయి, చెవి అంచు లోపలి గుడ్డకు తగిలి నొప్పి పెడుతుంది. ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు, హెచ్‌ఈ400ఎస్‌ఈ 390 గ్రాములు. బరువైన హెడ్‌ఫోన్ తన ప్యాడ్‌ను త్వరగా అణగదొక్కుతుంది. ఏళ్లు వాడిన హెడ్‌ఫోన్ స్వరం మారిందని ఆంప్ మార్చబోయేవాళ్లు ముందు ప్యాడ్ అంచు ఎత్తు కొలిచి చూడాలి. మందమైన కొత్త ప్యాడ్ పాట వినిపించే వేదికను దూరం జరిపినట్టు చేస్తుంది, కంఠాన్ని కొన్నిసార్లు పలచన చేస్తుంది. ఆ కొరతను ఈక్వలైజర్‌తో సరిచేయవచ్చు. కానీ బేస్‌ను 6 డెసిబెల్‌లు పెంచితే ఆ భాగానికి పవర్ నాలుగింతలు కావాలి. అందుకే ఆంప్ లెక్క కట్టేటప్పుడే ఈ మిగులును కూడా కలుపుకోవాలి.

ప్యాడ్ మార్చేటప్పుడు శుభ్రమైన గుడ్డ పరిచిన బల్ల కావాలి. మెకానిక్ షాపు బల్ల మీద ఇనుప రజను ఉంటుంది, ఈ అయస్కాంతాలు దాన్ని లాక్కుంటాయి, ఒక్క రవ్వ పొరకు తగిలినా గరగరమంటుంది. హైఫైమాన్ ప్యాడ్‌లు ప్లాస్టిక్ వలయపు కొక్కేలతో బిగుస్తాయి, తీసి పెట్టడం సులువు. ఆడిజీ ఎల్‌సీడీ ప్యాడ్‌లు జిగురుతో అంటుకుని ఉంటాయి. ఒక మూల నుంచి నెమ్మదిగా ఒలిచి, పాత జిగురు తుడిచి, కొత్త జిగురు వలయం వేయాలి.

పోల్చడానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. పాత ప్యాడ్ ఒక చెవికి, కొత్తది ఇంకో చెవికి పెట్టి, ఫోన్‌లో ఆడియోను మోనో చేయండి. లింగాలఘణపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథో, 2024లో పద్మశ్రీ అందుకున్న జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ప్రదర్శనో ఉంటే మంచిది. డోలు, మద్దెల, తాళాలు, మనిషి గొంతు ఒక్కచోట దొరుకుతాయి. ప్యాడ్‌లు రెండూ సమానమైతే అన్నీ తల మధ్యలోనే నిలబడతాయి. డోలు ఒకవైపుకు జరిగితే ఆ వైపు ప్యాడ్ గాలిని బాగా పట్టిందని అర్థం. తాళాలు ఒకవైపుకు లాగితే ఆ వైపు ట్రెబుల్ పెరిగింది. తర్వాత హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమది కుడి చెవికి పెట్టుకుని అదే పాట మళ్లీ వినండి. డోలు ఈసారి ప్యాడ్‌తో పాటు రెండోవైపుకు జరిగితే అది హెడ్‌ఫోన్ పని, చాలావరకు ప్యాడ్‌దే. ముందున్నవైపే ఉండిపోతే ఆ తేడా ప్యాడ్‌లది కాదు, మన చెవులది.