జీపుకు రెండో ట్యాంకు

కర్నూలు నుంచి ఆత్మకూరు దాటి దోర్నాల దారి పట్టామంటే నల్లమలలోకి దిగినట్టే. అక్కడినుంచి అడవి దాటేదాకా బండిలో ఉన్న చమురే దిక్కు. బేతంచెర్ల నాపరాయి గనుల దగ్గర, కె.సి. కాలువ గట్ల మీద, కడప వైపు లంకమల, పాలకొండల అంచుల్లో కూడా ఇదే సంగతి. ఇలాంటి దారుల్లో దశాబ్దాల పాటు మనిషిని మోసింది జీపు. దాన్ని ప్రేమగా తోలుతున్నవాళ్ళు రాయలసీమలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఒకటుంది: ఇంకో ట్యాంకు పెట్టిస్తే? ఈ ఆలోచనకు జీపుకున్నంత వయసుంది. అయితే ఇందులో ఉన్న శాస్త్రమంతా ట్యాంకులో కాదు, దానికి తగిలించే పైపుల్లో ఉంది.

1941లో యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపులో పెట్రోల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. పెట్రోల్ పోయాలంటే డ్రైవరు లేచి, సీటు మెత్త ఎత్తాలి. దానిలో సుమారు 57 లీటర్లు పట్టేది. యుద్ధం ముగిశాక జనం కోసం చేసిన రకాల్లో ట్యాంకు ఇంకా చిన్నదైంది, 40 లీటర్లు. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ విడిభాగాలు బిగించి జీపులు చేయడం మొదలుపెట్టింది. తర్వాత సీజే-3బీ రకం మన పల్లెలదాకా వచ్చింది. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే 40 లీటర్లకు 400 కిలోమీటర్లు. ఫోర్‌వీల్ వేసి, లో గేరులో రాళ్ళదారి ఎక్కితే అందులో సగం వచ్చినా గొప్పే.

జీపుకు అసలైన మొదటి రెండో ట్యాంకు వెనక తగిలించిన జెర్రీక్యాన్. 1937 ప్రాంతంలో జర్మన్ ఇంజనీర్లు రూపొందించిన 20 లీటర్ల ఇనుప డబ్బా అది. రెండు రేకు సగాలను అచ్చుకొట్టి అతికారు. పైన మూడు పిడులు పెట్టారు కాబట్టి ఖాళీవైతే ఒక మనిషి ఒక్కో చేత్తో రెండేసి పట్టుకుపోవచ్చు. మూతకు రెంచి అక్కర్లేదు, పోయడానికి గరాటు అక్కర్లేదు. పిడుల కింద మిగిలే గాలి ఖాళీ వల్ల నిండు డబ్బా కూడా నీళ్ళలో తేలుతుంది. దీని చరిత్రలో మన దేశానికీ చోటుంది. పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు 1939లో ఒక జర్మన్ మిత్రుడితో కలిసి బెర్లిన్ నుంచి కారులో భారతదేశానికి బయల్దేరాడు. దారిలో నీళ్ళు నిల్వ చేసుకోవడానికి ఆ మిత్రుడు మూడు జెర్రీక్యాన్లు తెచ్చాడు. మధ్యలో జర్మనీ అతణ్ణి వెనక్కి పిలిపించింది. వెళ్ళేముందు అతను డబ్బా తయారీ వివరాలన్నీ ప్లైస్‌కు చెప్పేశాడు. ప్లైస్ కలకత్తా చేరాడు, స్వదేశం వెళ్ళి సైన్యాధికారులకు చెప్పాడు. వాళ్ళు పట్టించుకోలేదు. యుద్ధం ఆఫ్రికా ఎడారికి చేరినప్పుడు బ్రిటిష్ సైన్యం వాడింది పల్చటి రేకు డబ్బాలే. అవి కారి, చితికి, పెట్రోల్‌లో దాదాపు మూడో వంతు దారిలోనే ఇసుక పాలయ్యేది. చివరికి శత్రువు డబ్బానే నకలు తీయక తప్పలేదు. ఒక మంచి డబ్బా గురించి చెబితే వినకపోవడం ఎంత ఖరీదైందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక బండికి శాశ్వతంగా బిగించే ట్యాంకు సంగతి. బ్రిటిష్ సైన్యం వాడిన పాత 109 రకం ల్యాండ్ రోవర్లలో రెండు ముందు సీట్ల కిందా రెండు ట్యాంకులు, వాటి మధ్య మార్చుకోవడానికి ఒక కాక్ ఉండేవి. ఆస్ట్రేలియాలో టొయోటా తన ల్యాండ్ క్రూజర్ ట్రూప్ క్యారియర్‌కు 90 లీటర్ల ట్యాంకులు రెండు ఇచ్చింది. పెట్రోల్ జీపులో ఈ ఏర్పాటు తేలికే. రెండు ట్యాంకుల పైపులు ఒక కాక్‌కు చేరతాయి, అక్కడినుంచి ఒకే పైపు ఇంజను మీది పంపుకు పోతుంది. మరిచిపోకూడనిది గాలి దారి. మూత తీసిన నిండు సీసాను బోర్లించి అడుగున చిల్లు పెట్టకపోతే నీళ్ళు ఎలా ఆగి ఆగి పడతాయో, గాలి లోపలికి రాని ట్యాంకు నుంచి పెట్రోల్ అలాగే మొరాయిస్తుంది.

సీమ ఎండలో ఆ గాలి గొట్టానికి ఇంకో పని కూడా ఉంది. పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. 50 లీటర్లు నింపిన ట్యాంకు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ముప్పావు లీటరు పెరుగుతుంది. అంచుదాకా పోయించుకుని ఎండలో నిలిపితే అది కారక తప్పదు. కొత్త ట్యాంకు పైపును సైలెన్సర్ పక్కనుంచి తెస్తే పైపులోనే పెట్రోల్ ఆవిరై, పంపుకు ఆవిరి తప్ప ఏమీ అందదు. జీపు ఆగిపోతే డ్రైవరు గుడ్డ తడిపి పంపు మీద వేసి కూర్చునేవాడు. పంపు చల్లబడ్డాకే ఇంజను పలికేది.

సీమ రైతుకు రెండు చమురుల యంత్రం కొత్త కాదు. బావి మీది చిన్న ఇంజనుకు పెట్రోల్‌కు ఒక చిన్న అర, కిరోసిన్‌కు పెద్ద అర ఉండేవి. కిరోసిన్ తొందరగా ఆవిరి కాదు, చల్లటి ఇంజనులో అంటుకోదు. అందుకే పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక కాక్ కిరోసిన్‌కు తిప్పేవారు. ఆపేముందు మళ్ళీ పెట్రోల్‌కు తిప్పేవారు. ఏ కాక్ ఎప్పుడు తిప్పాలో తెలిసినవాడికే రెండో ట్యాంకు అక్కరకొస్తుంది.

1980లలో జీపులకు ప్యూజో డీజిల్ ఇంజను విస్తృతంగా వచ్చాక లెక్క మారింది. డీజిల్ పంపు ఇంజను కాల్చేదానికంటే ఎక్కువే లాగుతుంది. పంపు, నాజిళ్ళ దగ్గర మిగిలింది రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగొస్తుంది. పెట్రోల్ జీపు పద్ధతిలోనే లాగే పైపుకు మాత్రమే కాక్ పెట్టి, రిటర్న్ పైపును పాత ట్యాంకుకే వదిలేస్తే ఏమవుతుంది? రెండో ట్యాంకులోంచి లాగిన డీజిల్‌లో కొంత మొదటి ట్యాంకులో పడుతూ ఉంటుంది. ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకొకటి పొంగి రోడ్డు మీద కారుతుంది. అందుకే లాగే పైపు, రిటర్న్ పైపు రెండూ ఒకేసారి మారే ఆరు దారుల వాల్వ్ కావాలి. ఒక ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగి మార్చినా కష్టమే. లోపలికి గాలి పట్టేస్తుంది. అప్పుడు పంపు మీది స్క్రూ కొద్దిగా వదులు చేసి, ఫీడ్ పంపు మీటను వేలితో కొడుతూ ఉండాలి. మొదట నురగ బుసబుసమంటూ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని పసుపు ధార. అప్పుడే స్క్రూ బిగించాలి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 50 లీటర్ల డీజిల్ సుమారు 42 కిలోలు. దాన్ని వెనక ఇరుసుకు అవతల వేలాడదీస్తే వెనక స్ప్రింగు పట్టీలు కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ట్యాంకు లోపల అడ్డురేకులు లేకపోతే మలుపు తిరిగిన ప్రతిసారీ చమురు ఒక పక్కకు ఎగబాకి బండిని తోస్తుంది. ఛాసిస్ కమ్మీల మధ్య, ఇరుసుకు ముందు, ఎత్తు తక్కువలో ఉన్న చోటే ఉత్తమం.

ఇక ప్రాణం మీదికి వచ్చే విషయం. పాత పెట్రోల్ ట్యాంకు కొని వెల్డింగ్ చేయించడం నిండు ట్యాంకుకంటే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం దాటితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. ఖాళీ ట్యాంకులో ఉండేది సరిగ్గా ఆ ఆవిరే. కడిగి, ఆవిరంతా పోయిందని తేల్చుకోకుండా ఏ షెడ్డులోనూ దాని మీద నిప్పు పెట్టనివ్వకండి.

చట్టమూ తెలిసి ఉండాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ గట్టిగా చెప్పింది. పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోల్‌ను లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, ఇనుప డబ్బా 25 లీటర్లు మించకూడదు. అంటే మూత గట్టిగా ఉన్న ఒక జెర్రీక్యాన్ దానికి లోబడే ఉంటుంది. పెట్రోల్ జీపు ఉన్నవారికి నా సలహా అదే, క్యాన్ చాలు. డీజిల్ జీపుకు ట్యాంకే కావాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. అనుమతి దొరికితే రిటర్న్ పైపు ఎటు పోతుందో గీసి చూపించగలిగిన మెకానిక్‌కే బండి అప్పగించండి.