మీకు తెలుసా? కాలు చాపితే థాంక్స్ చెప్పినట్టు!

ఫ్రాన్స్‌లో మోటార్‌సైకిల్ నడిపేవారు తమకు దారి ఇచ్చిన కారు డ్రైవరుకు కుడి కాలు చాపి కృతజ్ఞత చెబుతారు!

ఎవరి వైపైనా కాళ్లు చాపడం మనకు అమర్యాద. అక్కడి రోడ్ల మీద అదే మర్యాద. కారణం బండిలోనే ఉంది. యాక్సిలరేటర్, ముందు బ్రేకు రెండూ కుడి చేతికిందే ఉంటాయి. కార్ల వరుసల మధ్య నుంచి దూసుకెళ్లేటప్పుడు ఆ చెయ్యి తీయడం ప్రమాదం. అందుకే కాలిని ఒక్క క్షణం పక్కకు చాపి, మళ్లీ ఫుట్‌రెస్ట్ మీద పెట్టేస్తారు.

ఎదురుపడిన బైకర్లు పలకరించుకునేది మాత్రం చేత్తోనే. ఎడమ చేతి రెండు వేళ్లు ‘వి’ ఆకారంలో చూపుతారు. ఫ్రాన్స్‌లో బళ్లు రోడ్డుకు కుడివైపున వెళ్తాయి కాబట్టి ఎదుటివారు ఎడమ పక్కనే కనిపిస్తారు. పైగా గేరు మార్చనప్పుడు క్లచ్ పట్టే ఆ ఎడమ చేతికి పనేమీ ఉండదు.

మనలాగే ఎడమవైపున నడిపే బ్రిటన్‌లో ఎదుటి బండి యాక్సిలరేటర్ చేతి వైపు వస్తుంది. అక్కడి బైకర్లు ఎక్కువగా తల ఊపే పలకరించుకుంటారు. చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉంటాయి.